ఎవరూ వాడని ఎర్ర రంగు

బల్గేరియాలోని ప్లోవ్‌దివ్‌లో పొద్దున్నే ప్రోగ్రామర్ రుమెన్‌ని కాల్చి చంపారు. చచ్చేముందు గూఢచారి శాఖకి అతను పంపింది ఒక్కటే మాట: "వరద యాప్‌లో ఎర్ర హెచ్చరిక ఎగిరిపోయింది."

"శత్రుముఠా ఈరోజే ఏదో ఆనకట్ట గేట్లు తెరుస్తుంది," అంది కల్నల్ గెర్గానా. "ఏదన్నది తెలీదు. సైరన్లు ఎప్పుడో తుప్పుపట్టాయి. జనానికి దిక్కు ఆ యాపే. వెళ్ళు!"

ఏజెంట్ యావోర్ పళ్ళు నూరాడు. అతని చెల్లెలు నేదా బేకరీ ఉన్నది ఒక ఆనకట్ట కిందే.

కాఫీ మెషిన్ మెకానిక్ వేషంలో యాప్ కంపెనీలో అడుగుపెట్టాడు. లోపల ఉద్యోగిగా చేరిన శాఖ మనిషి వియొలీనా, పట్టు స్కార్ఫుతో, సెంటు గుబాళిస్తూ.

"బోజా పానీయం పులిసిందా?" అన్నాడు.

"మా అత్త మాటంత!" కోడ్ సరిపోయింది. "ఇక్కడేం లేదు, వెళ్ళిపో."

మేనేజర్ ల్యూబెన్‌కి గొప్పలు చెప్పుకోడానికి మెకానికైనా చాలు. "చూడవోయ్! ఏ పేజీలోనూ వాడని సెలెక్టర్లని, అంటే రంగులకి పెట్టిన పేర్లని, మా టూలే కోసి పారేస్తుంది. రంగులుండే ఫైలు, స్టైల్‌షీట్, పీచులా సన్నబడింది!"

యావోర్ స్క్రీన్‌లోకి చూశాడు. ఒళ్ళు మండిపోయింది. ఎర్ర హెచ్చరిక పేరుని ప్రోగ్రాములో రెండు ముక్కలుగా విరిచారు. వరద వచ్చినప్పుడే ఆ ముక్కలు అతుక్కుంటాయి. పూర్తి పేరు ఎక్కడా కనబడక టూల్ దాన్ని చెత్త అనుకుని ఎర్ర రంగుని కోసేసింది. ఇక హెచ్చరిక వచ్చినా తెల్ల కాగితం మీద తెల్ల సిరాయే.

"ఎప్పుడూ వాడలేదని ఫైరింజన్ అమ్ముకుంటావా, దరిద్రుడా! ఎవడు విరిచాడు దీన్ని?"

"వియొలీనా మేడమే..."

ఆమె చేతిలో పిస్తోలు మెరిసింది. యావోర్ పక్కనున్న కాఫీ మెషిన్ ఆవిరి గొట్టం ఆమె వైపు తిప్పాడు. సలసల ఆవిరి ఆమె మణికట్టు మీద పడింది, పిస్తోలు కింద పడింది.

"రుమెన్‌ని చంపింది కూడా నువ్వేనా? థూ!" బేడీలు వేశాడు.

ప్రోగ్రాములో పూర్తి పేరుని ఒకే లైనులో, ముక్కలు చేయకుండా కొట్టాడు. టూల్‌ని మళ్ళీ నడిపాడు. ఈసారి అది ఎర్ర రంగు జోలికి పోలేదు. కొత్త స్టైల్‌షీట్ సర్వర్‌కి ఎక్కుతుండగానే గెర్గానా గొంతు చెవిలో పగిలింది. "కమెన్‌బ్రోద్ గేట్లు తెరిచేశారు!"

నేదా ఊరు. స్క్రీన్ మీద అప్‌లోడ్ గీత నత్తలా పాకుతోంది. "పోవే, పో!" యావోర్ బల్ల గుద్దాడు. గీత నిండింది.

ఫోన్ మోగింది. "అన్నయ్యా, ఫోనంతా ఎర్రగా మండిపోతోంది! పొయ్యిలో బనిత్సా రొట్టె ఉంది, తీసేసి..."

"తగలబడనీవే! గుట్టెక్కు, అందర్నీ లాక్కుపో!"

గుట్ట మీంచి ఆమె మళ్ళీ ఫోన్ చేసి ఏడ్చేదాకా అతను కూర్చోలేదు. బేకరీ మునిగింది. మనుషులు దక్కారు.

ల్యూబెన్ స్క్రీన్ చూసి గొణిగాడు. "ఫైలు కాస్త లావైంది సార్..."

"ఫర్లేదు," అన్నాడు యావోర్. "ఆ లావుకి ఆఫీసులో నిన్ను తగ్గించి సరిపెడతాం."