ఇంటి గుర్తులు చెప్పిందెవరు?

"నువ్వసలు ఆడదానివేనా? ముసలాయన్ని నడిరోడ్డు మీద గుంజి పడేస్తావా?"

ఫోనులో ఎవరిదో ముక్కూ మొహం తెలియని గొంతు! పొద్దుటినుంచి ఇది ఎన్నోదో! రుయ్‌ఫెన్ రిసీవరు పెట్టేసి గోడకి చేరగిలబడింది.

ఆ ముసలాయన ఆమె మామగారే. మతిమరుపు మనిషి, పోయినవారం బస్సులకి ఎదురుగా నడిచిపోతుంటే కాలరు పట్టుకుని వెనక్కి లాగింది, పైప్రాణాలు పైనే పోయి గట్టిగా అరిచింది. ఎవడో ఆ లాగడాన్నీ అరుపునీ మాత్రం వీడియో తీసి ఇంటర్నెట్‌లో పెట్టాడు. 'ఈ రాక్షసిని వెతికి పట్టుకోండి!' అంటూ వేలమంది బయల్దేరారు. మూడు రోజుల్లో ఆమె పేరు, పనిచేసే మందులషాపు, ఇల్లు... అన్నీ బయటపడ్డాయి! షాపు యజమాని ఇక రావద్దన్నాడు. లారీ తోలుకుంటూ ఎక్కడో దూరాన యునాన్ రాష్ట్రం దారిలో ఉన్న భర్త కూడా, "నిజం చెప్పు, నాన్నని కొట్టావా?" అని అడిగాడు. పరాయివాళ్ళ వంద తిట్లకన్నా ఆ ఒక్క మాటే ఆమెను కాల్చేసింది!

కానీ... వీడియోలో తన మొహం కూడా సరిగ్గా కనబడదే! తమ ఇల్లు ఊరగాయల ఫ్యాక్టరీ వెనక మూడో అంతస్తని వాళ్ళకెవరు చెప్పారు? కూరలమ్మేదా? తలుపు సందులోంచి చూసే ఎదురింటావిడా? ఎవరు నవ్వినా అనుమానమే, నవ్వకపోయినా అనుమానమే! చివరికి అనుమానాలన్నీ ఆడపడుచు త్సాయ్‌ష్యా దగ్గరే ఆగాయి. అయినవాళ్ళలో కంప్యూటరున్నది ఆమెకే. "నాన్నని వృద్ధాశ్రమంలో చేర్పిద్దాం" అంటే తను ఒప్పుకోలేదని మొహం ముడుచుకున్నదీ ఆమే!

సాయంత్రం త్సాయ్‌ష్యా రాగానే రుయ్‌ఫెన్ విరుచుకుపడింది.

"చల్లారిందా నీ కడుపు? నన్ను వీధిలో నిలబెట్టావు కదూ!"

"నేనా! ఏమన్నావొదినా?"

"నువ్వు కాక ఇంకెవరు?"

"నేనే..." అంది వెనకనుంచి ఇంకో గొంతు. అత్తగారు! జావగిన్నె పట్టుకుని నిలబడి ఉంది. "జిరాక్సు షాపబ్బాయి చేత ఆ వీడియో కింద రాయించానే తల్లీ... 'నా కోడలు దేవత, మామగారికి చేత్తో తినిపిస్తుంది, నమ్మకపోతే వచ్చి చూడండి' అని... పేరూ, ఇల్లూ, షాపూ అన్నీ చెప్పాను. వస్తే కళ్ళారా చూస్తారు కదా అనుకున్నానే!"

రుయ్‌ఫెన్ ముసలామె చేతిలోని గిన్నె అందుకుని కింద పెట్టి, ఆమెను గుండెకి హత్తుకుంది. ఇద్దరూ ఏడ్చారు... కానీ త్సాయ్‌ష్యా కళ్ళలో తడి లేదు.

"ఒక్కమాట అడిగితే చెప్పేదాన్ని కదొదినా! ఫోనులో తిట్టేవాళ్ళకి నువ్వెవరో తెలీదు. నేనెవరో నీకు పన్నెండేళ్ళుగా తెలుసు!"

ఆ మాట ముల్లులా దిగింది. వాళ్ళు ముప్పావు నిమిషం చూసి తనమీద తీర్పు చెప్పారు... తను అదికూడా చూడకుండా చెప్పింది! "తప్పయిపోయింది త్సాయ్‌ష్యా..." అనేలోపే ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు మామగారు యథాప్రకారం బయటికి వెళ్తానని మారాం చేశాడు. భయపడుతూనే చెయ్యి పట్టుకుని వీధిలోకి తీసుకొచ్చింది రుయ్‌ఫెన్. ఎదురింటి కిటికీలోంచి ఎవరో ఫోను ఎత్తిపట్టారు. ఆమె కాళ్ళు ఆగిపోయాయి.

అంతలో మలుపులోంచి త్సాయ్‌ష్యా వచ్చింది. వదిన మొహంకేసి చూడలేదు. తండ్రి రెండో చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నా కోపం పోలేదు," అంది. "నడువు! తీసేవాళ్ళు ఇద్దర్నీ కలిపే తీస్తారు!"