అసిరమ్మ సవరం

ముందు ఆ పైడితల్లికి దండం పెట్టుకుని వినండమ్మా. కాస్త దగ్గరగా జరగండి. పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోండి.

ఆమదాలవలసలో రాజకుమారికి అత్త అసిరమ్మ. ముసలితనంలోనూ మోకాళ్ళ దాకా జుట్టు. ఆమె మంచాన పడ్డాక అది దువ్వలేక కోడలు విసిగిపోయింది. సవరానికి పనికొస్తుందని కన్నూ పడింది. ఒకరోజు అత్త ముక్కు దగ్గర చేతి అద్దం పెట్టి చూసింది. ఆవిరి పట్టింది.

"ఊపిరున్నాదే... పోయాక కోసుకోయే" అని గొణిగింది అసిరమ్మ.

"పోయాక కాల్సీత్తారు అత్తా. అప్పుడు నాకేటి మిగులుతాది?"

చేతులు మంచం కోడుకి కట్టి, కుదుళ్ళ దాకా కత్తిరించేసింది. ప్రాణం పోయేదాకా ఆ తల్లి దిండు తడుముకుంటూనే ఉంది, జడ కోసం.

ఏడాది తిరిగింది. కొత్తవలసలో రాజకుమారి తమ్ముడి కూతురి పెళ్ళి. ట్రంకు పెట్టెలోంచి ఆ జుట్టుతో కట్టించుకున్న సవరం తీస్తే పోగులు పోగులుగా రాలింది. అందులో ఏదో కదిలింది.

పెళ్ళికి తోడొచ్చిన అక్క కూతురు హేమ ఎచ్చెర్లలో పురుగుల చదువు చదువుతోంది. దాన్ని కాగితం మీదికి దులిపి, కిటికీ వెలుగులో పట్టింది.

"సూడు పిన్నీ. బియ్యపు గింజంత. ముందు సన్నం, వెనకాల లావు. ఒంటి మీద గోధుమరంగు చారలు, నూగు. తోక దగ్గర ఈ కుచ్చు సూసినావా? తివాచీ పురుగు పిల్ల."

"కరుస్తాదేటే?"

"బతికున్నోళ్ళతో దానికి పనిలేదు. తెగిన జుట్టు, పట్టు, ఉన్ని... సచ్చిన సరుకే దాని కూడు."

"అయితే మా అత్తనే తింటన్నాదన్నమాట. తిననీ!"

పకపకా నవ్వి సవరాన్ని పొయ్యిలో పడేసింది. జుట్టు కాలిన కంపు ఇల్లంతా కమ్మింది.

దీపాలు పెట్టే వేళకీ ఆ కంపు పోలేదు. తల దువ్వుకుంటున్న రాజకుమారికి మెడ వెనక గిలిగింత. దువ్వెనకి జుట్టు... కుచ్చులు కుచ్చులుగా వచ్చేసింది.

"ఒసే హేమా... ఓపాలి సూడే. పేలేమో."

హేమ పాపిట విడదీసింది.

"పేలేనా?"

"కాదు పిన్నీ..." గుసగుసగా అంది. "వెనకాల లావు... చారలు... తోకకి కుచ్చు..."

"బతికున్నోళ్ళతో పనిలేదన్నావు కదే!"

హేమ గోడ దాకా వెనక్కి జరిగిపోయింది.

రాజకుమారి చేతి అద్దం అందుకుంది. అదే అద్దం. ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకుంది.

"ఊపిరున్నాదే... హేమా... నాకింకా ఊపిరున్నాదే..."

అద్దం తళతళలాడుతూనే ఉంది. ఆవిరి పట్టలేదమ్మా.