అక్క కళ్ల ఎత్తులో

కొండదారిలో కారు ఆగింది. పక్కనే వ్యూపాయింట్ బోర్డు. దాని కింద వీల్‌చైర్ బొమ్మ.

"సుడిగాలీ, దారి ఎలా ఉందో చూసిరా. చివరిదాకా వెళ్లి చూడు," అన్నాడు నాన్న.

సుడిగాలి అంటే చిన్నకూతురు. కాలు ఒకచోట నిలవదని నాన్న పెట్టిన పేరు అది.

అక్కకు పోయినేడు పెద్ద జబ్బు చేసి కాళ్లు పడిపోయాయి. అప్పటినుంచి ఆసుపత్రికి తప్ప గడప దాటలేదు. ఈ నేషనల్ పార్క్‌లో కారులో తిరుగుతూనే కొండలన్నీ చూడొచ్చని అమ్మ బతిమాలితే ఇవాళ బయల్దేరింది.

సుడిగాలి పరుగెత్తింది. ర్యాంప్ కనిపించింది. అంతే, అక్కణ్ణుంచే వెనక్కి తిరిగింది.

"బ్రహ్మాండంగా ఉంది! రండి, రండి!"

నాన్న వీల్‌చైర్ దించి అక్కను కూర్చోబెట్టాడు. ర్యాంప్ ఎక్కి, చెట్ల మలుపు తిరిగారు. ఎదురుగా మెట్లు. వాటి పైనుంచి జలపాతం హోరు వినిపిస్తోంది.

"ఎత్తుకుని తీసుకెళ్తాను తల్లీ," అన్నాడు నాన్న.

"వద్దు నాన్నా. అందరూ చూస్తున్నారు. మీరు చూసి రండి."

ఎవరూ వెళ్లలేదు.

కారులో కూర్చున్నాక సుడిగాలి మెల్లగా అంది. "ర్యాంప్ చూశానక్కా..."

"మొదలు చూశావే. చివర చూడలేదు." అక్క కిటికీ వైపు తిరిగింది. "ఇంటికి పోదాం నాన్నా."

అక్క తిట్టినా బాగుండేదనిపించింది సుడిగాలికి.

తిరుగుదారిలో మరో వీల్‌చైర్ బొమ్మ కనిపించింది.

"నాన్నా, ఒక్కసారి ఆపవా?"

నాన్న అక్క వంక చూశాడు. మీ ఇష్టం అన్నట్టు అక్క భుజాలు ఎగరేసింది. కారు ఆగింది.

ఈసారి సుడిగాలి నడిచి వెళ్లింది. మెట్లు లేవు. దారి చదునుగా రాతిగోడ దాకా ఉంది. గోడ అవతల లోతైన లోయ, దూరంగా నీలం కొండలు. వెనక్కి రాబోయి ఆగింది. గోడ ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

రాళ్లు తప్ప ఏమీ కనిపించలేదు.

మోకాళ్ల మీదే గోడ వెంట కదిలింది. ఎడమవైపు చివర గోడకు బదులు ఇనుప కమ్ములున్నాయి. వాటి మధ్యనుంచి లోయంతా కనిపించింది.

కారు దగ్గరికి వచ్చేసరికి గౌను నిండా మట్టి.

"పడ్డావా?" అంది అమ్మ.

"లేదమ్మా." సుడిగాలి అక్క కిటికీ దగ్గర నిలబడింది. "అక్కా, చివరిదాకా వెళ్లాను. మెట్లు లేవు. గోడ మాత్రం నీకు అడ్డం వస్తుంది. కానీ ఎడమవైపు కమ్ములున్నాయి. నీ అంత ఎత్తులో కూర్చుని చూశాను. లోయంతా కనిపిస్తోంది."

చెల్లెలి మోకాళ్లకంటిన మట్టిని అక్క కాసేపు అలాగే చూసింది.

తర్వాత కారు తలుపు తీసింది.