తెర తీయమంటారా?

రెండువేల ఎనభై మూడు నాటికి కాకినాడలో కుక్కల ఆటపోటీల రోజున జడ్జిగారిని పలకరించే అలవాటు జనానికి పోయింది. పలకరించి ఏం లాభం? నుదుటికి వెండిరంగు పట్టీ ఉంటే, సొంత బావమరిది దండం పెట్టినా "తమరెవరండీ?" అంటాడాయన.

దాని శాస్త్రీయ నామం బంధాచ్ఛాదిని, ఒక రకం న్యూరల్ మాస్క్. జనం నోట మరపుపట్టీ అయింది. తాను పెంచిన కుక్కకీ, తర్ఫీదిచ్చిన కుక్కకీ, తన ఇంటివాళ్ల కుక్కకీ జడ్జి మార్కులు వేయకూడదు. అది ప్రయోజన వైరుధ్యం. మంచి నియమమే. కానీ ఈ జిల్లాలో ఏ కుక్కతోనూ, ఏ మనిషితోనూ చుట్టరికం లేని జడ్జి అంటే నేతిబీరకాయలో నెయ్యి! అందుకే పట్టీ వచ్చింది. జడ్జి ఎవరి పేరు చెబితే మెదడులో వాళ్ల జ్ఞాపకాలకు సంబంధించిన సినాప్స్‌ల మీద అది విద్యుత్ తెర వేస్తుంది. జ్ఞాపకం చెరగదు, కప్పబడుతుంది.

దాన్ని కనిపెట్టింది అలివేలు. ఆమె తండ్రి పరాంకుశం మహా నిక్కచ్చి జడ్జి. తల్లి లేని పిల్లని ఆయనే పెంచాడు. కూతురి కుక్క గవ్వ పరిగెడుతుంటే మాత్రం నియమం ప్రకారం లేచి బయటికి వెళ్లిపోయేవాడు. ఒక్కసారి ఆయన ముందు గవ్వని పరిగెత్తించాలని ఆ పిచ్చితల్లి కోరిక.

పట్టీతోపాటు నియమాలూ ఆమే రాసింది. అనుమతి లేకుండా ఎవరి బుర్రలోకీ దేన్నీ తిరిగి పెట్టకూడదు గనక, తెర తీసేముందు జడ్జిని అడగాలి. వద్దంటే అది శాశ్వతంగా అతుక్కుపోతుంది. ఆయన తేల్చుకునేదాకా సంబంధం ఉన్నవాళ్లు నోరెత్తితే వాళ్ల కుక్క అనర్హం. ఇన్నాళ్లూ వద్దన్నవాడు లేడు.

ఆ సాయంత్రం పరాంకుశం అలివేలు పేరు చెప్పి పట్టీ కట్టుకున్నాడు. గవ్వ సొరంగంలోంచి దూసుకొచ్చి, కర్రల మధ్య మెలికలు తిరిగి, ఊగే పలక మీంచి తప్పు లేకుండా దిగింది. పరాంకుశం మొదటి బహుమతి దానికే ప్రకటించాడు. అలివేలుకి ఏడుపొచ్చేసింది.

పోటీ ముగిశాక ఆపరేటర్ సత్తిరాజు పట్టీని నడిపే బొత్తాల మరమీట పట్టుకుని వచ్చాడు. "ఒక తెర ఉందండి. తీయమంటారా?"

"దాని వెనకాల ఏముందోయ్?"

"అది నేను చెప్పకూడదండీ."

ఈలోగా గవ్వ ఉరుక్కుంటూ వచ్చి ఆయన ఒళ్లో తల పెట్టింది. కుక్కకి నియమాలెవరు చెప్పారు! ఆయన దాని చెవులు నిమిరాడు. తోక ఆడిస్తున్నదల్లా ఆ చేతిని వాసన చూసి, నెమ్మదిగా వెనక్కి జరిగింది.

"ఒక మాట చెప్పనా సత్తిరాజూ? నా గుండెల మీద ఎప్పుడూ ఒక బండ ఉండేది. ఎవరికేమవుతుందోనని ఒకటే భయం. ఎవరి గురించో ఇప్పుడు తెలియడం లేదు. భయమూ లేదు. ఎంత హాయిగా ఉందనుకున్నావ్! ఆ తెర అలాగే ఉండనీ."

గవ్వ వెనకే వచ్చిన అలివేలు ఆ మాటలు విన్నది. సత్తిరాజు ఆమెకేసి జాలిగా చూసి, బొత్తాం మీద వేలు పెట్టాడు.

"నాన్నా! నేను నాన్నా, నీ అలివేలుని! తీయమని చెప్పు నాన్నా!"

ఆయన తిరిగి చూశాడు. తప్పిపోయిన పిల్లని చూసి ఎవరైనా పడేపాటి జాలి ఆ కళ్లలో ఉంది. అంతకు మించి ఏమీ లేదు.

"నువ్వు నా కూతురివా? అయ్యుండొచ్చమ్మా. చూస్తే మంచిపిల్లలాగే ఉన్నావు. కానీ తెర తీస్తే లాభం నీకు కదా? ప్రయోజనం ఉన్నవాళ్ల మాట నేను వినకూడదు. నువ్వు నోరెత్తావు గనక నీ కుక్కని తప్పించాలి కూడా. ఏమనుకోకు." ఆయన సత్తిరాజు వైపు తిరిగాడు. "ఊఁ, కానియ్."

బొత్తాం టిక్కుమంది.

వెనక బెంచీ మీద మరో ముగ్గురు జడ్జీలు నుదుటి పట్టీలతో తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. కంచె అవతల వాళ్ల పెళ్లాం పిల్లలు టిఫిను క్యారియర్లతో ఎదురుచూస్తున్నారు. జడ్జీలు పరాంకుశం మొహంలోని ప్రశాంతతను చాలాసేపు చూశారు.

"సత్తిరాజూ, నాకూ అలాగే ఉండనియ్" అన్నాడు మొదటివాడు.