తపస్సు మాను మీద కెమెరా

"ఆపమంటే ఆపేదానికి ఇదేమన్నా మీ లైబ్రరీలో ఫ్యానా సార్?" అంది రూపశ్రీ, తల ఎత్తకుండానే.

మునిశేఖర్ కేబుల్ టీవీ గది గుమ్మంలో ఎండకు మాడుతూ నిలబడ్డాడు. పూతలపట్టుకు నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న ఆ ఊళ్ళో మహాభారతం తిరునాళ్ళు జరుగుతున్నాయి. పద్దెనిమిది రోజుల పండగలో అది ఆరో రోజు. ధర్మరాజుల గుడి ముందు పందిట్లో హరికథ. వినేవాళ్ళు పదకొండు మంది, అందులో నలుగురు నిద్రపోతున్నారు. మిగతా ఊరంతా తలుపులు వేసుకుని రూపశ్రీ వేసిన సినిమా చూస్తోంది.

"రెండంటే రెండు గంటలు ఆపు. మూడు వందల ఏండ్ల కళ. మీ సినిమాల దెబ్బకు సస్తా ఉండాది."

"నేనేమన్నా దాని గొంతు పిసికినానా?"

మునిశేఖర్ ఊరి గ్రంథాలయంలో పని చేస్తాడు. చరిత్ర అంటే పిచ్చి. పాత గోడ కనిపిస్తే చాలు, అక్షరాలేమైనా తగులుతాయేమోనని చేత్తో తడుముతాడు. ఆ గోడ ఎవరిదో, లోపల ఎవరు స్నానం చేస్తున్నారో కూడా చూసుకోకుండా తడిమి రెండుసార్లు తిట్లు తిన్నాడు. సినిమాలూ టీవీలూ మన కళల్ని మింగేస్తున్నాయని పత్రికలకు ఉత్తరాలు రాస్తాడు. ఆరేళ్ళలో ముప్పై రాస్తే మూడు అచ్చయ్యాయి. "వీడియో కెమెరా అనే భూతం" అన్నదాన్ని రూపశ్రీ కత్తిరించి గోడకు అతికించి, కుంకుమ బొట్టు కూడా పెట్టింది. పెళ్ళిళ్ళకు వీడియో తీసేది ఆమే మరి.

"రోజూ దండం పెట్టుకుంటా ఉండా సార్," అంది.

అతను విసురుగా వెళ్ళిపోయాడు. పాపం, మళ్ళీ ఆ గుమ్మం ఎక్కక తప్పదని అప్పటికి తెలియదు.

అర్జునుడి వేషం చెంగయ్య తాతది. తిరునాళ్ళలో పన్నెండో రోజు అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు. యాభై అడుగుల తాటి మాను, ఎక్కడానికి కొట్టిన మేకులు, పైన చెక్కలతో కట్టిన చిన్న పరణ. దాని మీద నిలబడి శివుణ్ణి పిలుస్తూ ఇరవై నాలుగు పాటలు పాడుతూ, కింద సాగిలపడిన ఆడవాళ్ళ మీదికి నిమ్మకాయలు విసురుతాడు. పిల్లలు కావాలని మొక్కుకున్నవాళ్ళు వాటి కోసం కొంగులు పడతారు. ముప్పై ఏళ్ళుగా ఎక్కుతున్న చెంగయ్యకు ఇదే ఆఖరు. తిరునాళ్ళు కాగానే పులికాట్ ఒడ్డున కూతురి ఊరికి వెళ్ళిపోతాడు. ఆ పాటలు ఆయన నోట్లో తప్ప ఎక్కడా లేవు.

"రాసుకుంటా, చెప్పు తాతా," అని మునిశేఖర్ ఎన్నోసార్లు నోటు పుస్తకం తెరిచాడు.

"నేల మీద కూసుంటే యాడొస్తాది అబ్బయ్యా? మాను ఎక్కితే అదే వస్తాది."

అంటే ఒక్కటే దారి. మానుపైన, ఆ ఒక్క రోజు, పాడుతుండగా పట్టుకోవాలి. పోయే మనిషిని ఆపలేం. ఆ గొంతునైనా దాచుకోకపోతే ఎట్లా?

మూడు రోజులు మథనపడి తొమ్మిదో రోజు రూపశ్రీ ముందు నిలబడ్డాడు. అప్పుడే వేసవి వాన దబదబా మొదలైంది.

"నీ కెమెరా కావాల," అన్నాడు.

"ఏదీ, ఆ భూతమా?"

"...ఆ. అదే."

"భూతం ఊరికే రాదు సార్. దాన్ని పొగిడి ఇంకో ఉత్తరం రాయాల."

"రాస్తా."

అంత తొందరగా ఒప్పుకుంటాడనుకోలేదు రూపశ్రీ. మొదటిసారి తలెత్తి చూసింది. వానకు తడిసిన జుట్టు నుదుటికి అంటుకుని, ఇంటర్వ్యూకి వచ్చిన కోడిపుంజులా ఉన్నాడు. నవ్వు ఆపుకోవడానికి బుగ్గ కొరుక్కుంది.

తానే మాను ఎక్కి తీస్తానంది. గుడి పెద్ద దేవరాజులు వల్లకాదన్నాడు. పూజ చేసిన మానును చేతికి కంకణం కట్టుకున్న మగవాళ్ళే తాకాలట.

"అయితే సార్‌కి కట్టండి కంకణం," అంది.

మునిశేఖర్ ముఖం తెల్లబోయింది. అతను పుస్తకాల బీరువా పై అర అందుకోవడానికి కూడా స్టూలు ఎక్కడు.

మూడు రోజులు కేబుల్ గది చూరు కింద శిక్షణ. బయట వాన, భుజం మీద మూడు కిలోల కెమెరా, చెవి పక్కన రూపశ్రీ.

"ఎడమ కన్ను ముయ్యి. రెండూ మూస్తే ఏం కనిపిస్తాది? ఈ ఎర్ర దీపం వెలిగితేనే బొమ్మ ఎక్కతా ఉందని లెక్క. ఊపిరి పీల్చు సార్, సస్తావు!"

"నువ్వు అంత దగ్గరగా నిలబడితే యాడ పీల్చేది?" అని నోరు జారి, తడబడి, "మన పాతకాలం నాటకంలో ఇట్లాంటి యంత్రాలు లేవు," అన్నాడు.

"ఆ కాలంలో ఆ నాటకమే సినిమా సార్. అప్పుడు గూడా నీలాంటోడు ఒకడు ఉత్తరాలు రాసుంటాడు."

మునిశేఖర్ వదల్లేదు. తొమ్మిదో పాట వరస విజయనగర రాజుల కాలం నాటిదని, దాని మీద పది పేజీల వ్యాసం రాశానని మొదలుపెట్టాడు. వానకు చూరు కిందికి చేరిన చెంగయ్య బీడీ ఆర్పాడు.

"తొమ్మిదోదా? అది చిత్తూరు టాకీసులోది గదప్పా. వయసులో ఒక సినిమా సూసినా. వరస బాగుండాదని అర్జునుడికి తగిలించినా."

రూపశ్రీ గోడకు ఆనుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. కోపం తెచ్చుకుందామని మునిశేఖర్ ఆమె వైపు తిరిగాడు. తిరిగినవాడు తిరిగినట్టే ఉండిపోయాడు. కోపం మాత్రం రాలేదు.

పన్నెండో రోజు మిట్టమధ్యాహ్నం ఊరు ఊరంతా మాను చుట్టూ చేరింది. లైబ్రరీ సార్ పడిపోతాడని ఎవరో చెప్పడంతో జనం రెండింతలయ్యారు. ముందు చెంగయ్య ఉడతలా ఎక్కేశాడు. వెనకే మునిశేఖర్, మేకుకొక దేవుణ్ణి తలుచుకుంటూ.

"కింద సూడొద్దు సార్!" అని అరిచింది రూపశ్రీ.

అతను వెంటనే కిందికి చూశాడు.

గంటంపావు తర్వాత దిగి క్యాసెట్టు ఇచ్చాడు. రూపశ్రీ తండ్రి రాజారత్నం దాన్ని పట్టుకుపోయి, ఒకసారి చూసుకోకుండానే, చుట్టుపక్కల అయిదు ఊళ్ళకూ కేబుల్లో వదిలేశాడు.

కేబుల్ గదిలో అందరూ టీవీ ముందు చేరగానే పాట మొదలైంది. గంట మోగినట్టున్న చెంగయ్య గొంతు, ఒక్క మాట పొల్లుపోలేదు. టీవీలో మాత్రం చెంగయ్య లేడు. రూపశ్రీ ఉంది. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తున్న రూపశ్రీ. "నాకు కనిపించవా స్వామీ" అని అర్జునుడు బతిమాలుతుంటే, చేతులూపుతూ ఏదో అరుస్తున్న రూపశ్రీ. ఏడో పాటలో నిమ్మకాయ వచ్చి ఆమె నడినెత్తిన పడింది.

"పెండ్లి గాకముందే నిమ్మకాయ పడిందే దీనికి!" అంది గదిలో కూర్చున్న ఆమె అవ్వ భారతమ్మ.

"గంటంపావు!" రూపశ్రీ మునిశేఖర్ మీదికి వచ్చింది. "గంటంపావు నన్నే తీసినావు. తాత యాడ?"

"నా ఎనక ఉండినాడు."

"తిరగలేకపోయినావా?"

"కింద సూస్తే నేలంతా గిర్రున తిరిగింది," అన్నాడు. "నీ మొగం ఒకటే తిరగలేదు. దాన్నే పట్టుకోని నిలబడినా. వదిలితే పడిపోతానని భయమేసింది."

మూలన కూర్చున్న చెంగయ్య సోడా గుటక వేసి నవ్వాడు.

"దిగినాడు గదా," అంది భారతమ్మ మెల్లగా. "ఇప్పుడు గూడా దాన్నే సూస్తా ఉండాడే!"

మునిశేఖర్ గబుక్కున క్యాసెట్టు వైపు మళ్ళాడు. "ఇది గ్రంథాలయంలో పెట్టాల. చరిత్ర ఇది."

"నా మొగం వచ్చేపోయే వాళ్ళకంతా సూపిస్తావా? మా ఇంట్లోనే ఉండాల."

"పాటలు నీవా?"

"బొమ్మ నీదా?"

ముఖాన రంగు కూడా కడుక్కోని చెంగయ్య సోడా సీసా కింద పెట్టాడు. "పాట ఒక ఇంట్లో, బొమ్మ ఒక ఇంట్లో పెట్టేదానికి అయ్యే పనేనా? ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటే సరిపాయె గదప్పా. నేను ఊరిడిసి పోయినా, ఆడ పాడతా ఉంటా."

అరిగిపోయిన శాసనాలు చదివే మునిశేఖర్‌కు ఆ మాట అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. రూపశ్రీకి వెంటనే అర్థమై, టీవీ వైపు తిరిగి, అక్కడా తానే ఉండడంతో ఎటు చూడాలో తెలియక నేల చూపులు చూసింది.

ఫోను మోగింది. రాజారత్నం ఎత్తి, కాసేపు విని, రిసీవరుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"పక్కూర్నించి మీ నాయనప్పా," అన్నాడు మునిశేఖర్‌తో. "పాటలు బాగుండాయంట. ఆ టీవీలో పిల్ల ఎవురి పిల్ల అని అడగతా ఉండాడు." ఆగి, కూతురి వైపు చూశాడు. ఆ చూపులో నవ్వూ ఉంది, కొంచెం దిగులూ ఉంది. "ఏమని సెప్పేదిమ్మా?"

రూపశ్రీ కాలి వేలితో నేల మీద గీతలు గీసింది.

"ఇప్పటికైతే నీ పిల్లనే అని సెప్పు నాయనా."