సాకిచి పేరున్న మూల

మినోరి కుట్టు మెషీన్ పెడల్ మీది నుంచి కాలు తీసేసరికి సంచి రెండో మూల కూడా అయిపోయింది.

సంచిని తిరగేసి బల్ల మీద పెట్టింది. అది పెట్టెలా నిటారుగా నిలబడింది.

"చూడవే, ఎవరూ పట్టుకోకుండానే నిలబడింది. అచ్చం షాపు సంచి," అంది.

స్నేహితురాలు కయో వంగి సంచి అడుగంతా వేళ్ళతో తడిమింది.

"పేరేదే?" అంది.

ఆ గుడ్డ కయో వాళ్ళ తాత పడవ మీద ఎగిరిన జెండాది. ఆ రేవులో కొత్త పడవ నీళ్ళలోకి దిగే రోజున స్నేహితులు రంగురంగుల జెండా అద్దించి ఇస్తారు. ఇచ్చినవాళ్ళ పేరు కింది మూలలో ఉంటుంది. ఈ జెండా ఇచ్చింది సాకిచి. తాత ఈడువాడు. ఒక చలికాలం చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు.

తాత పడవ అమ్మేశాడు. జెండా చాలావరకు బూజు పట్టి చివికిపోయింది. రేపు ఆయన కొండ మీద ముసలివాళ్ళుండే హోమ్‌కి వెళ్ళిపోతున్నాడు. మిగిలిన మంచి ముక్కతో సంచి కుట్టమన్నాడు. "నా బట్టలు సాకిచిగాడు మోస్తాడు," అన్నాడు.

అందుకే కయో, సంచి నిలబడేలా అడ్డంగా కుట్టాల్సిన అడుగు మూలల్లో సుద్దతో చిన్న గీత గీసి తెచ్చింది. "దీని మీదే కుట్టు. దాటావంటే పేరు పోతుంది," అని చెప్పింది. మినోరి మెషీన్‌కి దారాలు ఎక్కిస్తూ "సరే సరే" అంది.

తీరా కుట్టబోతే ఆ గీత పిసినారిగా కనబడింది. మూల ఇంత చిన్నదైతే సంచి తాగినవాడిలా తూలుతుంది. మినోరి కుట్టుని రెండు వేళ్ళ మందం లోపలికి జరిపింది.

మామూలు మెషీన్ అయితే కుట్టు విప్పుకోవచ్చు. ఇది ఓవర్‌లాక్. సూది పక్కనే కత్తి. ఒక పక్క కుడుతూ ఇంకో పక్క కోసుకుంటూ పోతుంది.

"మెషీన్ లాగేసింది. నేనేం చేయను?" అంది మినోరి.

పక్కనే ఇస్త్రీ చేస్తున్న మినోరి అమ్మ తలెత్తింది. "దానికి బుద్ధెక్కడిదే? నువ్వు పెట్టినచోట కోసింది."

కయో సంచి మడిచి చంకలో పెట్టుకుంది. గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ, "ఇంక గుడ్డ లేదు," అంది. అంతే. వెళ్ళిపోయింది.

మినోరి మెషీన్ కింద చెత్తబుట్టలో వెతికింది. రెండు ముక్కోణాలు దొరికాయి. ఒకదాని మీద పేరులో చివరి అక్షరం ఉంది, జపాన్ లిపిలో ఒకే అక్షరంగా రాసే 'కిచి'. అంటే శుభం. 'సా' ఒక్కటే సంచి మీద మిగిలింది.

"అమ్మా, దీన్ని అతకవా?"

"ఇరుకు మూలలో ఎక్కడ అతికేది? తీసుకెళ్ళి ఇవ్వు."

"ఏమని చెప్పను?"

"ఏం చేశావో అది."

"నువ్వూ రావా?"

"కత్తి దగ్గర కూర్చుంది నేనా?" అంది అమ్మ.

మర్నాడు పొద్దున మినోరి వెళ్ళేసరికి కయో ఇంటి ముందు వ్యాన్ ఆగి ఉంది. తాత గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. ఒళ్ళో సంచి. పక్కన కయో.

"తాతా, మెషీన్ కాదు. నేనే," అంది మినోరి. "గీత కనబడింది. అయినా సంచి నిలబడాలని దాటించాను."

అరచేయి చాపింది. తాత ముక్క అందుకుని అక్షరం మీద బొటనవేలితో నిమిరాడు.

"సాకిచిగాడికి శుభం ఎప్పుడూ సగంలోనే తెగేది," అని నవ్వాడు. ఆ నవ్వు ఎంతోసేపు లేదు. ముక్కని చొక్కా జేబులో పెట్టి గుండీ పెట్టుకున్నాడు.

పరవాలేదులే అంటాడేమోనని మినోరి నిలబడింది. తాత ఆ మాట అనలేదు.

"సంచి మాత్రం బాగా నిలబడిందమ్మాయ్," అన్నాడు.

తాతని ఎక్కించుకుని వ్యాన్ మలుపు తిరిగిపోయింది.

"కయో," అని పిలిచింది మినోరి. కయో లోపలికి వెళ్ళి తలుపు జరిపి మూసేసింది.

సోమవారం స్కూల్లో కుట్టుపని క్లాసు. తోమోకి అనే కుర్రాడు తన సంచి తెచ్చి మినోరి ముందు పడేశాడు.

"ఓవర్‌లాక్ మహారాణీ, ఇంటికి తీసుకెళ్ళి నా మూలలు కూడా కుట్టిపెట్టు."

"ఎక్కడ కుట్టాలి?"

"ఏదో ఒకచోట. నీకు తెలుసుగా."

"నాకు తెలీదు. గుడ్డ నీది. గీత నువ్వు గియ్యి."

తోమోకి మూతి తిప్పుకుంటూ సుద్దతో గీశాడు. మినోరి సూది తీసుకుని ఆ గీత మీదే చేత్తో పొడుగుపొడుగు కచ్చా కుట్లు వేసింది. సంచి తిరగేసి అతనికిచ్చింది.

"చూసుకో. ఇదైతే విప్పొచ్చు. నువ్వు సరే అంటేనే కత్తి."

"అబ్బో, ఇంత తతంగమా?" అన్నాడు తోమోకి.

రెండు బల్లల అవతల కయో తన గుడ్డ చేత్తోనే కుట్టుకుంటోంది. ఈ మాటలు విన్నది. సూది ఒక్క క్షణం ఆగింది. తల మాత్రం ఎత్తలేదు.

మినోరి రెండో మూల కోసం సూదిలోకి దారం ఎక్కించుకుంది.