ఒకేలా పడిన ముద్ర

పొద్దున్న ఏడు గంటలకి బెర్గెన్ చేపల మార్కెట్ వెనక సందులో ఇవార్ గొంతు తెగింది. అరిచే వ్యవధి కూడా లేదు. కానీ ఊరికే పోలేదు మనిషి. చంపినవాళ్ళ మెడ దగ్గరి వెండి బ్రూచ్ పీకి పిడికిట్లో బిగించుకుని మరీ పోయాడు.

ఏజెంట్ సున్నివ ఆ వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. తొమ్మిదేళ్ళు తనకి జోడీగా పనిచేసినవాడు. ఏడుపొచ్చింది, ఏడ్చింది. తర్వాత భూతద్దం తీసింది.

చీఫ్ స్టూర్లా కారులోనే బ్రీఫింగ్ ఇచ్చాడు.

"ఇవాళ మే పదిహేడు, మన జాతీయ దినం. ఊరంతా జాతీయ దుస్తుల్లో ఊరేగింపుకి వస్తుంది. ప్రొఫెసర్ ఫెలిక్స్‌ని మార్కెట్ ఎదురింట్లో దాచాం. శత్రువుల క్షిపణుల గుట్టంతా ఆయన బుర్రలో ఉంది. పదకొండుకి పడవ ఎక్కించాలి. కాపలా మన ఆడవాళ్ళే ఐదుగురు. అందులో ఒకతె అమ్ముడుపోయింది. ఎవతో?"

"ఇది చెబుతుంది." సున్నివ బ్రూచ్ తిరగేసింది.

"మొదలెట్టావూ! విందుకి పిలిస్తే స్పూన్లు తిరగేసి ముద్రలు చదివే రకం నువ్వు."

"మా నాన్న కంసాలి సార్. అయినా బెర్గెన్‌లో వెండి తిరగేసి ముద్ర చూడని ఇల్లుందా? చూడండి, 830S. వెయ్యి పాళ్ళలో ఎనిమిది వందల ముప్పై వెండి అని. పక్కన చేసినవాడి గుర్తు. 3 సగమే పడింది, S ఒరిగింది. సుత్తితో కొట్టిన ముద్రకి అంచులు పదునుగా ఉంటాయి. ఇవేమో అరిగిన సబ్బులా ఉన్నాయి. పాత నగకి అచ్చు తీసి పోసిన నకలు. శత్రువుల మనుషులు ఒకర్నొకరు గుర్తుపట్టడానికి పోయించుకున్నది. ఒక్కటే పోసి ఊరుకోరుగా?"

"అయితే?"

"మెడ దగ్గర వెండి లేకుండా ఇవాళ మన ఊళ్ళో ఆడది గడప దాటదు. ఇది ఊడిపోయింది కాబట్టి అదే అచ్చులోది ఇంకోటి పెట్టుకునుంటుంది."

ఆ ఎదురింట్లో కింద కాపలా ఉన్న నలుగురి బ్రూచ్‌లు చూసింది. నాలుగూ నికార్సయినవే. మేడ మీదికి పరిగెత్తింది.

అక్కడ ప్రొఫెసర్ పక్కన ఐదో కాపలా మనిషి దాగ్నీ ఉంది. రెండేళ్ళ క్రితం శత్రువుల నుంచి ఇటు వచ్చిన డబుల్ ఏజెంట్. ఆమె నవ్వితే గట్టి గట్టి ఆఫీసర్లే ఫైళ్ళు మరిచిపోతారు. చేతిలో జెండా మూడు రంగుల రిబ్బన్, దానికో పొడవాటి పిన్ను.

"గుండె మీద రిబ్బన్ లేకపోతే ఇవాళ అందరి కళ్ళూ మీ మీదే ప్రొఫెసర్ గారూ. కదలకండి."

"బ్రూచ్ బాగుందే దాగ్నీ! ఎవరు చేసిందే?" అంటూ సున్నివ దగ్గరికి వచ్చింది.

"మా అమ్మమ్మది. 1908లో చేయించుకుందట."

సున్నివ చెయ్యి చాచి దాన్ని తిప్పింది. సగం పడిన 3. ఒరిగిన S. చేత్తో కొట్టిన ముద్ర రెండుసార్లు ఒకేలా పడదని నాన్న వెయ్యిసార్లు చెప్పాడు.

"మీ అమ్మమ్మకి కవల చెల్లెలుందా? ఆవిడ బ్రూచ్ ఇవార్ పిడికిట్లో దొరికింది."

దాగ్నీ నడుముకున్న అలంకారపు కత్తి దూసింది. జాతీయ దుస్తుల్లో భాగం కాబట్టి ఈ ఒక్కరోజూ ఆ కత్తి గురించి ఏ పోలీసూ అడగడు. సున్నివ అరచెయ్యి ఎముక దాకా తెగింది. ఆమె పండగ దుస్తుల మీది తెల్లటి ఏప్రన్ ఎర్రబడింది. పొగలు కక్కుతున్న కాఫీ కెటిల్ అందుకుని దాగ్నీ మొహాన కొట్టింది. చర్మం ఊడిపోతున్నా, కత్తి జారిపోయినా దాగ్నీ ఆగలేదు. పిన్ను పట్టుకుని ప్రొఫెసర్ మీదికి దూకింది.

కొన ఆయన చొక్కాని తాకింది. సున్నివ ఆ మణికట్టు ఒడిసిపట్టి కిటికీ చట్రానికేసి బాదింది. ఎముక ఫట్‌మంది. పిన్ను తిరిగి దాగ్నీ మెడలోనే దిగింది. కొనకి పూసిన విషానికి నోట నురగ, నాలుగు ఎగశ్వాసలు, అంతే. కింద వీధిలో బ్యాండు మొదలైంది.

ప్రొఫెసర్ పడవ పదకొండుకే కదిలింది.

వారం తర్వాత స్టూర్లా ఆమె చేతిలో వెండి పతకం పెట్టాడు.

"ఇవార్‌కి కూడా ఇచ్చాం. వాళ్ళమ్మకి అందజేశాం."

కట్టు కట్టిన చేత్తో సున్నివ పతకం తిరగేసింది. వెనక ఒక్క అంకె లేదు, ముద్ర లేదు.

"ఏమైంది?"

"వెండి కాదు సార్, పూత. ఇవార్ వాళ్ళమ్మది కూడా బెర్గెనే. ఈపాటికి తిరగేసి చూసే ఉంటుంది."